దూరం నేలది, సమయం గాలిది: సుదూర విమాన ప్రయాణాల లెక్క

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం దారి మార్చింది. అప్పటిదాకా పడమటి దిక్కుగా, అట్లాంటిక్ మీదుగా వెళ్ళే విమానం తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా వెళ్ళడం మొదలుపెట్టింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు. కొత్తది 15,300. పద్నాలుగు వందల కిలోమీటర్లు చుట్టు తిరిగిన విమానం ఆలస్యంగా చేరాలి కదా. అది పద్నాలుగున్నర గంటల్లో, పాత దారి కంటే రమారమి రెండు గంటలు ముందుగా దిగింది.

ఇప్పుడు ఆ రెండు విమానాశ్రయాల పేర్లు దూరం చెప్పే వెబ్‌సైటు దేంట్లోనైనా వేసి చూడండి. 12,400 కిలోమీటర్లకు కాస్త తక్కువగా ఒక అంకె వస్తుంది. పాత దారితోనూ సరిపోదు, కొత్త దారితోనూ సరిపోదు. దాని పక్కన చూపించే ప్రయాణ సమయం టికెట్ మీది సమయంతో కలవదు. అలాగని ఆ అంకెలో తప్పేమీ లేదు. "ఈ రెండు చోట్ల మధ్య నేల ఎంత?" అన్న ప్రశ్నకు అది సరైన జవాబే. మనం అడగదలచుకున్నది మాత్రం "ఎప్పుడు చేరతాను?" అని. ఆ జవాబు గాలి చేతిలో, ఆకాశంలో గీసిన హద్దుల చేతిలో, ట్యాంకులోని ఇంధనం చేతిలో, ఆఖరికి రెండు ఊళ్ళ గడియారాల చేతిలో ఉంటుంది. రెండు ప్రశ్నల్నీ ఒకటే అనుకోవడం దగ్గరే లెక్క చిక్కుపడుతుంది. ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్దాం.

గుండ్రటి నేల మీద తిన్నని దారి

ముందు నేల సంగతి. ఉత్తరాన 60 డిగ్రీల అక్షాంశం మీద రెండు ఊళ్ళున్నాయనుకోండి. ఒకటి భూగోళానికి ఈ వైపు, రెండోది సరిగ్గా ఆ వైపు. రేఖాంశాల తేడా 180 డిగ్రీలు. గోడకు తగిలించిన పటంలో రెండూ ఒకే అడ్డగీత మీద కనిపిస్తాయి. ఆ గీత వెంబడి తూర్పుకు పోతే సుమారు 10,000 కిలోమీటర్లు. అలా కాకుండా నేరుగా ఉత్తరానికి వెళ్ళి, ధ్రువం దాటి, అవతలి వైపు దక్షిణానికి దిగితే 6,670 కిలోమీటర్లే. మూడింట ఒక వంతు దారి కలిసొచ్చింది. పటంలో తిన్నగా కనబడే గీతే నిజానికి చుట్టుదారి.

ఈ దగ్గరిదారినే గ్రేట్ సర్కిల్ అంటారు, తెలుగులో మహావృత్తం. భూమిని కేంద్రం గుండా సరిగ్గా రెండు సగాలుగా కోస్తే అంచు మీద ఏర్పడే వృత్తం అది. గ్లోబు చేతిలో ఉంటే సూత్రాలేమీ అక్కర్లేదు. రెండు ఊళ్ళ మీదా వేళ్ళతో దారం అదిమి పట్టి, బిగించి లాగితే అది తనంతట తనే మహావృత్తం మీద కుదురుకుంటుంది. పిల్లలకు ఈ విషయం చెప్పడానికి ఇంతకు మించిన పద్ధతి లేదని నా నమ్మకం.

పటంలో మోసం ఎక్కడుందంటే, మనకు అలవాటైన ప్రపంచ పటం గెరార్డస్ మెర్కేటర్ 1569లో గీసిన పద్ధతిది. నావికుల అవసరం కోసం పుట్టింది. ఆ పటంలో గీసిన సరళరేఖ వెంట వెళ్ళాలంటే దిక్సూచి ముల్లు చూపే కోణం ఒక్కటే పట్టుకుని పోతే చాలు. ఆ సౌకర్యం కోసం ధ్రువాల దగ్గరి ప్రాంతాలను విపరీతంగా సాగదీయాల్సి వచ్చింది. అందుకే ఆఫ్రికాలో పద్నాలుగో వంతు కూడా లేని గ్రీన్‌లాండ్ ఆ పటంలో ఆఫ్రికా అంత కనిపిస్తుంది. విమానం సీటు ముందున్న తెరపై దారి విల్లులా ఉత్తరానికి వంగి కనబడినప్పుడు "ఎందుకింత చుట్టు తిప్పుతున్నారు?" అనిపించడం సహజం. వంగింది పటం, విమానం తిన్నగానే పోతోంది.

వెబ్‌సైట్లు ఈ దూరాన్ని లెక్కగట్టేది చాలా వరకు హావర్‌సైన్ సూత్రంతో. పందొమ్మిదో శతాబ్దపు నావికులు పట్టికలు ముందేసుకుని చేసిన లెక్కే ఇది. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు, భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు, కాస్త త్రికోణమితి ఉంటే సరిపోతుంది. భూమిని నిఖార్సయిన బంతిగా అనుకోవడం ఇందులో ఉన్న చిన్న లోపం. నిజానికి భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ నొక్కుడు వల్ల దూరంలో అర శాతం దాకా తేడా రావచ్చు. 15,000 కిలోమీటర్ల ప్రయాణంలో అది 75 కిలోమీటర్లు. నొక్కుడును కూడా లెక్కలోకి తీసుకునే విన్సెంటీ సూత్రం 1975లో వచ్చింది. అది మిల్లీమీటరు దాకా తేల్చగలదు, కానీ భూగోళానికి దాదాపు ఎదురెదురు కొనల్లో ఉన్న చోట్లకు వాడితే ఒక్కోసారి జవాబు తేలకుండా గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. రెండు సైట్లు రెండు అంకెలు చూపిస్తే చాలాసార్లు కారణం ఈ సూత్రాల తేడానే. ఇంకొన్నిసార్లు ఒకటి ఊరి నడిబొడ్డు నుంచీ, ఇంకొకటి విమానాశ్రయం నుంచీ కొలుస్తుంటుంది.

కొలతల్లోనూ కాస్త జాగ్రత్త అవసరం. విమానయానంలో వాడేది నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. రోడ్ల మీద వాడే మైలు 1.609 కిలోమీటర్లు. 15,300 కిలోమీటర్లంటే నాటికల్ మైళ్ళలో సుమారు 8,260. మామూలు మైళ్ళలో 9,507. ఉత్తి "మైళ్ళు" అని రాసి ఊరుకున్న చోట ఏ మైలో చూసుకోకపోతే వెయ్యి కిలోమీటర్లు ఇట్టే అటూ ఇటూ అవుతాయి.

ఇంకొక్క మాట. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు చోట్ల మధ్యా దగ్గరిదారి 20,000 కిలోమీటర్లకు మించదు. దీని ఫలితం ఒకటి చాలామందికి తట్టదు. ఊళ్ళు ఆ హద్దుకు దగ్గరయ్యే కొద్దీ దారి మార్చినందుకు పడే జరిమానా తగ్గిపోతుంది. ఉత్తర ధ్రువంలో నిలబడి దక్షిణ ధ్రువానికి పోవాలంటే ఏ దిక్కున బయల్దేరినా ఒకటే దూరం కదా. సింగపూర్, న్యూయార్క్ మధ్య దూరం సుమారు 15,350 కిలోమీటర్లు. అందుకే అక్కడ పసిఫిక్ మీదుగా పోవచ్చు, అట్లాంటిక్ మీదుగానూ పోవచ్చు. ఆ రోజు గాలిని బట్టి ఎంచుకుంటారు. అదే లండన్, న్యూయార్క్ మధ్య తూర్పా పడమరా అన్న ప్రశ్నే పుట్టదు.

గీత మీదే ఎందుకు పోదు?

మహావృత్తం గీసేది గణితం. ఆ గీత కింద దేశాలున్నాయి, కొండలున్నాయి, దిగడానికి చోటే లేని సముద్రాలున్నాయి.

దేశాల సంగతి అందరికీ తెలిసిందే, కానీ దాని బరువు ఎంతో ఒక ఉదాహరణతోనే అర్థమవుతుంది. హెల్సింకి నుంచి టోక్యోకు మహావృత్తం సుమారు 7,800 కిలోమీటర్లు, అందులో అత్యధిక భాగం రష్యా మీదుగా. ఫిన్‌లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్ విమానాలు తొమ్మిది గంటల చిల్లరలో వెళ్ళిపోయేవి. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం వాటికి మూసుకుపోయింది. మార్చిలో అవే ఊళ్ళ మధ్య విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణాన మధ్య ఆసియా మీదుగానో చుట్టుతిరిగి నడవడం మొదలైంది. ప్రయాణం దాదాపు పదమూడు గంటలకు చేరింది. ఊళ్ళ మధ్య దూరం ఒక్క మీటరు కూడా మారలేదు. ఇది మొదటిసారీ కాదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సోవియట్ ఆకాశం మూసి ఉన్నప్పుడు స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ 1957 ఫిబ్రవరిలో కోపెన్‌హాగన్ నుంచి టోక్యోకు ధ్రువ మార్గం తెరిచింది, మధ్యలో అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగుతూ.

కొండల విషయం అంత తేలిగ్గా తట్టదు. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతున్నప్పుడు ఏ కొండ అడ్డొస్తుంది? మామూలుగా ఏదీ రాదు. కానీ క్యాబిన్‌లో గాలి పీడనం ఉన్నట్టుండి పడిపోతే పైలట్ విమానాన్ని వెంటనే 10,000 అడుగుల దగ్గరకు, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దించాలి. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో ఓ పావుగంట సేపే వస్తుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. అక్కడ దిగడానికి కింద ఖాళీ లేదు. అందుకే ఆ పీఠభూమిని చాలా విమానాలు పక్కగా చుట్టి పోతాయి. అదనపు ఆక్సిజన్, ముందే గుర్తించి పెట్టుకున్న తప్పించుకునే దారులు ఉన్నవాళ్ళే మీదుగా వెళ్తారు.

సముద్రాల మీద అడ్డంకి ఇంజన్ల లెక్క. రెండింజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా మిగిలిన దానితో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలగాలి. 1953 నాటి అమెరికా నియమం ప్రకారం ఆ దూరం అరవై నిమిషాలకు మించకూడదు. 1985లో దాన్ని 120 నిమిషాలకు సడలించారు. అప్పుడే రెండింజన్ల విమానాలు అట్లాంటిక్‌ను తిన్నగా దాటడం మొదలైంది. 2014లో ఎయిర్‌బస్ ఎ350కి 370 నిమిషాల అనుమతి దక్కింది. అరవై నిమిషాల రోజుల్లో తీరం వెంబడి తడుముకుంటూ పోయిన దారులు ఈరోజు మహావృత్తానికి ఇంత దగ్గరగా వచ్చాయంటే ఇంజన్లు సంపాదించుకున్న నమ్మకమే కారణం. విమానయానంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే మార్పు ఇదే.

ధ్రువాల మీదుగా పోవాలంటే చలి ఇంకో చిక్కు. జెట్ ఎ-1 ఇంధనం సున్నాకు దిగువన 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. బయటి గాలి అంతకంటే చల్లగా ఉంటే రెక్కల్లోని ఇంధనం ఉష్ణోగ్రత గమనిస్తూ, అవసరమైతే కిందికి దిగి కాస్త వెచ్చటి గాలిలో పోతారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు, పైలట్లంతా మహిళలే ఉన్న ఎయిర్ ఇండియా విమానం ధ్రువం మీదుగా దాదాపు 14,000 కిలోమీటర్లు ఏకబిగిన వచ్చింది. ఆ ప్రయాణం వెనుక ఇలాంటి లెక్కలెన్నో ఉన్నాయి.

ఏటివాలు, ఎదురీత

ఇక గాలి. అసలు కథ ఇక్కడే ఉంది.

ఏట్లో పడవ నడిపే వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. తెడ్డు ఎంత వేగంగా వేసినా, ఏటివాలున పోతే గట్టు మీది చెట్లు గబగబా వెనక్కి పోతాయి, ఎదురీదితే అక్కడే నిలబడ్డట్టుంటాయి. విమానం సరిగ్గా అలాంటి పడవ. దాని వేగం గాలితో పోల్చి లెక్క. ఎయిర్‌బస్ ఎ350, బోయింగ్ 787 లాంటివి ధ్వని వేగంలో 85 శాతం దగ్గర ప్రయాణిస్తాయి. ఆ ఎత్తులో ఉండే సున్నాకు దిగువ 56 డిగ్రీల చలిలో అది గంటకు సుమారు 900 కిలోమీటర్లు. కింద నేలతో పోలిస్తే ఎంత వేగం అన్నది గాలి ఎటు వీస్తోందన్న దాన్ని బట్టి తేలుతుంది.

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, రెండు అర్ధగోళాల్లోనూ, పడమర నుంచి తూర్పుకు పారే గాలి నదులున్నాయి. వాటినే జెట్ స్ట్రీమ్‌లు అంటారు. వేడి మండలాలకూ ధ్రువాలకూ మధ్య ఉష్ణోగ్రతల తేడా వాటిని పుట్టిస్తుంది, భూభ్రమణం వాటిని తూర్పుకు తిప్పుతుంది. చలికాలంలో తేడా పెరుగుతుంది కాబట్టి ప్రవాహమూ పెరుగుతుంది; గంటకు 300 కిలోమీటర్లు దాటిన సందర్భాలూ ఉంటాయి. 1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు వదిలి, అవి కొట్టుకుపోయే తీరు చూసి ఈ గాలుల్ని కొలిచారు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో తన ఫలితాలను 1926లో ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్ళకూ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాషలో, ప్రచురించారు. దాంతో వాటిని దాదాపు ఎవరూ చదవలేదు. 1944 చివర్లో జపాన్ మీదికి వెళ్ళిన అమెరికన్ బి-29 బాంబర్లు ఊహించని గాలుల్లో చిక్కుకుని గురి తప్పినప్పుడు గానీ మిగతా ప్రపంచానికి ఆ శక్తి తెలిసిరాలేదు. ఇరవై ఏళ్ళ ముందే ఒకాయన చేతిలో లెక్క సిద్ధంగా ఉందన్న సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో పొడుపుకథ ఇప్పుడు విడిపోతుంది. పడమటికి పోయే విమానం ఈ నదికి ఎదురీదేది. తూర్పుకు తిప్పితే దారి పెరిగింది, కానీ దారి పొడుగునా వాలు దొరికింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా నేల మీద వేగం అంతకు మించి పెరిగింది.

గాలి ఎంత చేయగలదో 2020 ఫిబ్రవరి 9న ఇంకా స్పష్టంగా కనిపించింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆ ప్రయాణం ఆరున్నర గంటలకు అటూ ఇటూ. కియారా తుఫాను వెనుక నుంచి తోయగా నేలతో పోల్చిన వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. సముద్రమట్టం దగ్గర ధ్వని వేగం కంటే అది ఎక్కువ. అయినా విమానం ధ్వని వేగం దాటలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది తన రోజువారీ వేగంతోనే పోతోంది, గాలే పరుగెత్తింది. నిజంగా ధ్వనిని మించి ఎగిరిన కాంకార్డ్ అదే దారిని 1996 ఫిబ్రవరి 7న 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో దాటింది.

పోయేటప్పుడు ఎదురుగాలి తిన్నా వచ్చేటప్పుడు అదే గాలి వెనుక నుంచి తోస్తుంది కాబట్టి చెల్లుకు చెల్లు అని చాలామంది అనుకుంటారు. చెల్లదు. 9,000 కిలోమీటర్ల దూరం తీసుకోండి. గాలి లేకపోతే గంటకు 900 చొప్పున పోను పది, రాను పది, మొత్తం ఇరవై గంటలు. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఉంటే ఎదురు 750 వేగంతో పన్నెండు గంటలు. వాలున 1,050 వేగంతో 8 గంటల 34 నిమిషాలు. మొత్తం 20 గంటల 34 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనుకగాలిలో తక్కువసేపు ఉంటాం. అందుకే పోయింది పూర్తిగా తిరిగి రాదు. గాలి ఏ దిక్కున వీచినా, రానూ పోనూ కలిపి చూస్తే నష్టమే.

ఈ నష్టం తగ్గించుకోవడానికే దారులు రోజుకో తీరుగా మారతాయి. ఉత్తర అట్లాంటిక్ మీద ఆ రోజు గాలుల్ని బట్టి కెనడాలోని గాండర్, ఇటు బ్రిటన్, ఐర్లండ్ వైపు చూసుకునే షాన్‌విక్ కంట్రోల్ కేంద్రాలు రోజుకు రెండుసార్లు దారుల వరసలు ప్రకటిస్తాయి. పగలు పడమటికి పోయేవాళ్ళకు జెట్ స్ట్రీమ్‌కు దూరంగా, రాత్రి తూర్పుకు పోయేవాళ్ళకు దాని నడుమ. నిన్న పోయిన గీత మీద ఇవాళ విమానం పోకపోవచ్చు.

ఇక్కడే ఒక సందేహం తప్పకుండా వస్తుంది. భూమి పడమర నుంచి తూర్పుకు, భూమధ్యరేఖ దగ్గర గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది కదా. పడమటికి ఎగిరితే ఊరే మనకు ఎదురు రావాలి, మరి ఆలస్యమెందుకు? ఎందుకంటే భూమితో పాటు గాలీ తిరుగుతోంది, రన్‌వే మీద నిలబడ్డ విమానమూ తిరుగుతోంది. నేల విడిచిన క్షణాన ఆ వేగం ఎక్కడికీ పోదు. కదిలే రైల్లో బంతి పైకి విసిరితే తిరిగి చేతిలోనే పడుతుంది. భూభ్రమణం ప్రయాణ సమయాన్ని మార్చేది నేరుగా కాదు, జెట్ స్ట్రీమ్‌ను తూర్పుకు తిప్పడం ద్వారా.

ఇంధనం మోయడానికి ఇంధనం

సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు ఆగకుండా పోయే ఎ350-900 యూఎల్‌ఆర్ (అతి సుదూర ప్రయాణాల రకం) ట్యాంకుల్లో 1,65,000 లీటర్లు పడుతుంది. బరువులో అది 130 టన్నుల పైమాటే. విమానం మొత్తం బరువు 280 టన్నులకు మించకూడదు. అంటే నేల విడిచేటప్పుడు దాదాపు సగం విమానం ఇంధనమే. మొదటి గంటల్లో కాలే ఇంధనంలో పెద్ద భాగం ఆఖరి గంటలకు కావలసిన ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. అందుకే ఆ విమానంలో 161 సీట్లే. అందుకే బయల్దేరినప్పుడు 31,000 అడుగుల దగ్గర మొదలై, తేలికయ్యే కొద్దీ మెట్లెక్కినట్టు 40,000 దాకా పోతారు. సముద్రం మధ్యలో ఉన్నట్టుండి ఇంజన్ల శబ్దం కాసేపు పెరిగితే చాలాసార్లు ఆ మెట్టు ఎక్కుతున్నట్టు.

వేగం పెంచితే త్వరగా చేరొచ్చు కదా అంటే, ధ్వని వేగంలో 85 శాతం దాటి పూర్తి ధ్వని వేగానికి దగ్గరయ్యే కొద్దీ గాలి నిరోధం ఒక్కసారిగా ఎగబాకుతుంది. నాలుగు నిమిషాలు మిగుల్చుకోవడానికి టన్నుల కొద్దీ ఇంధనం తగలేయడం ఎవరికీ గిట్టదు. 1970లలో ఎగిరిన 747 కంటే ఈనాటి విమానం వేగంగా పోదు. మారిందల్లా ఎంత దూరం ఏకబిగిన పోగలదన్నదే. 1943 నుంచి 1945 దాకా ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి శ్రీలంకకు కాటలీనా నీటి విమానాలు నడిచాయి. 5,600 కిలోమీటర్ల ఆ దూరానికి 27 నుంచి 33 గంటలు పట్టేది; ప్రయాణికులు గాలిలో ఉండగానే రెండు సూర్యోదయాలు చూసేవాళ్ళు. 2018 మార్చి నుంచి అదే పెర్త్ నుంచి లండన్‌కు 14,500 కిలోమీటర్లు, పదిహేడు గంటల్లో. సిడ్నీ నుంచి లండన్‌కు దాదాపు 17,000 కిలోమీటర్లు ఆగకుండా పోవాలన్న ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ ప్రయత్నానికి ఆ పాత రోజుల జ్ఞాపకంగానే 'ప్రాజెక్ట్ సన్‌రైజ్' అని పేరు.

టికెట్ మీది గంటలు

టికెట్ మీద రాసేది గాలిలో ఉండే సమయం కాదు. విమానం గేటు నుంచి కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగే క్షణం దాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రద్దీ విమానాశ్రయంలో రన్‌వే దాకా పోవడానికే అరగంట పట్టొచ్చు. పైగా ఆ సీజన్‌లో సాధారణంగా వీచే గాలిని, అలవాటైన ఆలస్యాలను దృష్టిలో పెట్టుకుని సంస్థలు కాస్త ఎక్కువే వేస్తాయి. చలికాలపు టైమ్‌టేబుల్‌లో పడమటి ప్రయాణం కొన్ని నిమిషాలు పెరిగి, తూర్పు ప్రయాణం తగ్గినట్టు కనబడితే అదే కారణం.

వెబ్‌సైట్లు చూపే సమయం వెనుక ఇంత వ్యవహారం ఉండదు. దూరాన్ని ఏదో ఒక స్థిర వేగంతో భాగించి, ఎక్కడం దిగడం కోసం అరగంట కలుపుతాయి, అంతే. ఆ పద్ధతిని నేను కొట్టిపారేయను. మహావృత్తం దూరాన్ని 850తో భాగించి అరగంట కలిపితే సుదూర ప్రయాణాలకు ఉజ్జాయింపు బాగానే కుదురుతుంది. సింగపూర్–న్యూయార్క్‌కు అలా పద్దెనిమిదిన్నర గంటలు వస్తుంది. అసలు టైమ్‌టేబుల్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. తూర్పుకైతే కాస్త తగ్గించుకోవాలి, పడమటికైతే పెంచుకోవాలి. దారిలో మూసిన గగనతలం ఉంటే ఈ లెక్క పనికిరాదు.

'డైరెక్ట్', 'నాన్‌స్టాప్' అన్న మాటలు ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. ఒకే ఫ్లైట్ నంబరుతో మధ్యలో ఒకచోట దిగి మళ్ళీ ఎగిరినా డైరెక్టే అంటారు. ఆగకుండా పోయేది నాన్‌స్టాప్ మాత్రమే.

రెండు ఊళ్ళు, రెండు గడియారాలు

టికెట్ మీది వేళలు ఎక్కడివక్కడ స్థానిక సమయంలో ఉంటాయి. ఒకదాని నుంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. ఒక ఊహా టైమ్‌టేబుల్ తీసుకుందాం. చలికాలంలో సోమవారం రాత్రి 11.30కి సింగపూర్‌లో బయల్దేరి, మంగళవారం తెల్లవారుజామున 5.10కి న్యూయార్క్‌లో దిగే విమానం. గడియారం చూస్తే 5 గంటల 40 నిమిషాలు. రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మార్చండి. సింగపూర్ దానికంటే ఎనిమిది గంటలు ముందు, కాబట్టి బయల్దేరింది సోమవారం 15.30. న్యూయార్క్ చలికాలంలో ఐదు గంటలు వెనుక, కాబట్టి దిగింది మంగళవారం 10.10. అసలు ప్రయాణం 18 గంటల 40 నిమిషాలు.

తిరుగు ప్రయాణంలో సోమవారం రాత్రి 10.30కి న్యూయార్క్‌లో ఎక్కితే సింగపూర్‌లో దిగేది బుధవారం ఉదయం 5.50కి అనుకుందాం. గడియారం 31 గంటల 20 నిమిషాలు చూపిస్తుంది. మంగళవారం మొత్తం ఆకాశంలోనే కరిగిపోయింది. యూటీసీ లెక్కలో అది 18 గంటల 20 నిమిషాలే.

టైమ్ జోన్ల తలనొప్పి లేకుండా తేల్చే దగ్గరి పద్ధతి ఒకటుంది. పోను గడియారం తేడా, రాను గడియారం తేడా కలిపి సగం చేయండి. 5.40, 31.20 కలిపితే 37 గంటలు, సగం పద్దెనిమిదిన్నర. పోయేటప్పుడు మిగిలిన గంటలన్నీ వచ్చేటప్పుడు ఖర్చయిపోతాయి కాబట్టి మధ్యలో ఎన్ని టైమ్ జోన్లున్నా అవి కొట్టుకుపోతాయి. మిగిలేది సగటు ప్రయాణ సమయం. అయితే రెండు వేళలూ ఒకే సీజన్‌వి కావాలి. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరుగుతాయి, ఐరోపాలో మార్చి ఆఖరి ఆదివారం. ఆ మధ్య వారాల్లో న్యూయార్క్, లండన్‌ల తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. సింగపూర్‌లో గడియారం అసలు జరగనే జరగదు.

దూరానికీ, సమయానికీ, తేదీకీ ఒకదానితో ఒకటి ఎంత సంబంధం లేకుండా పోగలదో చూడాలంటే పసిఫిక్ నడుమ సమోవా దీవులకు వెళ్ళాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారానికి వీలుగా ఉండాలని సమోవా దేశం 2011లో అంతర్జాతీయ దినరేఖకు, అంటే తేదీ మారే గీతకు, అవతలి పక్కకు మారింది; అక్కడ డిసెంబరు 29 తర్వాతి రోజు 31. డిసెంబరు 30న పుట్టినరోజు ఉన్నవాళ్ళకు ఆ ఏడు ఆ రోజే రాలేదు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా పాత పక్కనే ఉండిపోయింది. సమోవా రాజధాని ఆపియా నుంచి అమెరికన్ సమోవాలోని పాగో పాగోకు సుమారు 130 కిలోమీటర్లు. చిన్న విమానం గంటలోపే చేరుస్తుంది. రెండు చోట్లా గడియారం ముళ్ళు ఒకే వేళ చూపిస్తాయి, గోడ మీది క్యాలెండర్ మాత్రం ఒక రోజు వెనక్కి పోతుంది. ఆదివారం ఉదయం పది గంటలకు ఆపియాలో ఎక్కినవాళ్ళు శనివారం ఉదయం పదకొండు కాకముందే పాగో పాగోలో దిగుతారు.